గనిబండి పరుగు

మా తాతలనాడు చిత్తూరు వైపునుంచి కోలారు బంగారు గనులకు వచ్చి స్థిరపడినవాళ్ళం మేము. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి గాని, వాటిలో దిగి పనిచేసినవారు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. మా నాయన అలాంటివాడే. చాంపియన్ రీఫ్‌లో 3 కిలోమీటర్లకు పైగా లోతుకు తవ్వారని లోకమంతా చెప్పుకుంటుంది. ఆ అడుగున ఎలా ఉండేదో మాకు మాత్రం తెలియదు. మేము అడగలేదు, నాయన చెప్పలేదు. ఇంట్లో ఉన్నవారికి గని అంటే వేళకు వినబడే కూత, ఊరి పక్క సైనైడు దిబ్బలు, అంతే.

మొన్న సెలవులకు వచ్చిన మా పిల్లలు 1984 నాటి అమెరికా సినిమా ఒకటి పెట్టారు. పేరు 'ఇండియానా జోన్స్ అండ్ ది టెంపుల్ ఆఫ్ డూమ్'. మన తిండిని గురించి అందులో చూపిన వికారాలకు మాకు ఒళ్ళు మండింది. లేచిపోదామనుకుంటూ ఉండగా గనిబండ్లు బయలుదేరాయి. సొరంగంలో, పట్టాలమీద, ఒకదాని వెంట ఒకటి ఏమి పరుగు! మేము ఊపిరి బిగబట్టాము. నాయన మాత్రం, “అట్లా పోతే బండి పట్టా దిగిపోతుంది గదప్పా,” అన్నాడు.

మా పెద్దవాడు నవ్వి గుట్టు విప్పాడు. ఆ పరుగులో చాలా భాగం బొమ్మ బండ్లు, బొమ్మ మనుషులు, బొమ్మ సొరంగాలేనట. డెన్నిస్ మురెన్ అనే ఆయన వాటిని నికాన్ ఎఫ్-3 అనే ఫొటో కెమెరాతో తీశాడట. సినిమా కెమెరా దూరాలంటే సొరంగం పెద్దదిగా కట్టాలి, ఖర్చు పెరుగుతుంది. చేతిలో ఇమిడే కెమెరాకు చిన్న సొరంగం చాలు. చిక్కల్లా ఒకటే. మామూలు రీలుకు 36 ఫొటోలు, సినిమాకు సెకనుకు 24 కావాలి. అంటే రీలంతా కలిపి ఒకటిన్నర సెకను! అందుకని పొడుగు ఫిలిం పట్టేటట్టు కెమెరాను మార్చుకున్నారు. బొమ్మను వెంట్రుకవాసి జరపడం, ఒక ఫొటో తీయడం, మళ్ళీ జరపడం, మళ్ళీ తీయడం. ట్రిక్కు పనికి ఆ సినిమాకు ఆస్కారు బహుమతి కూడా వచ్చింది.

ఈ ఓపిక మనవారికి కొత్తదేమీ కాదు. 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీసిన ఫాల్కేగారు, అంతకుముందే ఒక గింజ మొలకెత్తి మొక్క అయ్యేదాకా కొద్దికొద్దిగా ఫిలిం తీసి, చూసినవారిని ఆశ్చర్యపరిచారు.

మరునాడు పిల్లలు తామూ తీస్తామని కూర్చున్నారు. అగ్గిపెట్టె బండి అయింది, వంటింటి అల్యూమినియం కాగితం సొరంగమయింది, మట్టితో మనిషిని చేసి బండిలో కూర్చోబెట్టారు. నాయన చూసి, “బండిలో కాదురా, వెనక పెట్టండి. బండి దానంతట అది యాడ పోతుంది? మనిషి తోస్తేనే పోయేది,” అన్నాడు. తానే ఆ బొమ్మ తల వంచి, భుజం బండికి ఆనించాడు.

బొమ్మను జరిపినప్పుడల్లా ఒక్కొక్క మాట వచ్చింది. ఆ లోతులో బండకు చేయి ఆనిస్తే తగిలే వేడి. చెమటకు తడిసి ఒంటికి అంటుకునే బనీను. ఎక్కడో బండ చిట్లిన చప్పుడుకు అందరూ మాట మాని నిలబడే క్షణం. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి మేము వినని సంగతులు! వంటింట్లో పొయ్యి ఆర్పి వచ్చి మేమూ కూర్చున్నాము.

సాయంత్రానికి 120 ఫొటోలు అయినాయి. సెకనుకు 12 చొప్పున పది సెకన్ల సినిమా. నాయన చేతులకు ఇప్పుడు వణుకు. బొమ్మను వదిలి చేయి వెనక్కి తీసేలోగా ఫొటో పడడంతో, నాలుగింటిలో ఆయన వేళ్ళు పడ్డాయి. అవి తీసేస్తామన్నారు పిల్లలు. మేము ఉండనివ్వమన్నాము.

అమెరికా వారి బండి పరుగెత్తింది. మా బండి మెల్లగా, ఆగి ఆగి పోతుంది. నాయన రెండుసార్లు చూసి, “ఇట్లే ఉండేది,” అన్నాడు.

గనిలో దిగిన పెద్దలు మీ ఇంట్లోనూ ఉంటారు. ఒక అగ్గిపెట్టె ముందు పెట్టి అడగండి. ఇంకా ఆలస్యం చేయకండి.