సూర్యాపేట నుంచి కొత్తపేటకు పద్మినితో

మా ఇంటికి పద్మిని వచ్చింది. కంగారు పడకండి, సవతి కాదు! ప్రీమియర్ పద్మిని కారు. అదీ నడిచి రాలేదు, మోసుకొచ్చాం.

మా వాడు ఇంజినీరింగులో రెండు సబ్జెక్టులు తప్పి, ఆర్నెల్లుగా గది దాటి బయటికి రావడం మానేశాడు. ఏమడిగినా "ఊఁ". ఒక్కోసారి అదీ ఉండదు. అలాంటివాడు ఓ రాత్రి నేను అంట్లు తోముకుంటుంటే వంటింటి గట్టెక్కి కూర్చుని, సూర్యాపేట దగ్గర పల్లెలో ఎవరింట్లోనో పడి ఉన్న పాత కారు గురించి అరగంట మాట్లాడాడు. కార్బురేటరంటే ఏమిటో నాకు తెలీదు. కానీ వాడు మాట్లాడుతున్నాడు! చీటీ పాడిన డబ్బులోంచి 45 వేలు తీసిచ్చాను. "తుక్కుకి తగలేస్తావా?" అని మావారు నాతో మాట్లాడటం మానేశారు. ఒకరు నోరు విప్పితే ఇంకొకరు మూసుకున్నారన్నమాట.

మా చిన్నప్పుడు పద్మిని అంటే డాక్టరుగారి కారు. బొంబాయి కుర్లాలో ఇటలీ ఫియట్ నమూనా మీద తయారు చేసేవారు. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. 2000 ప్రాంతంలో తయారీ ఆగిపోయింది. బొంబాయిలో నల్లా పసుపు టాక్సీలుగా తిరిగినవి కూడా 2023 అక్టోబరులో సెలవు తీసుకున్నాయి.

సూర్యాపేట నుంచి కొత్తపేటకు దాదాపు 130 కిలోమీటర్లు. "తాడు కట్టి లాక్కొస్తే పోలా?" అన్నాను నేను, చేదబావి తెలివితో. అలా కుదరదట. రోడ్డు మీద చెడిపోయిన బండిని దగ్గర్లోని రిపేరు షాపుదాకా లాక్కెళ్లడానికే తాడు. అదీ రెండు బండ్ల మధ్య ఐదు మీటర్లకు మించకూడదు, పాతిక కిలోమీటర్ల వేగం దాటకూడదు. పైగా బ్రేకుల్లేని కారు ముందు బండిని గుద్దక మానదు. డీసీఎం వ్యాను మాట్లాడితే చవకే. కానీ ఎక్కించడానికీ దించడానికీ మట్టిగట్టు కావాలి. కొత్తపేటలో మట్టిగట్టు ఎక్కడ తెస్తాం? చివరికి వెనక పలక వంగి నేలకు ఆనే కారియర్ బండిని 9 వేలకు మాట్లాడాం. వాడు ఒక్కడే వెళ్తానన్నాడు. పులిహోర కట్టుకుని నేనూ ఎక్కాను.

చింతచెట్టు కింద కారు చూశాక నా గుండె జారింది. సీట్లలో ఎలుకల గూళ్లు. ఒక కిటికీకి అద్దం లేదు, సిమెంటు సంచి ఉంది. నాలుగు చక్రాలూ నేలకి అతుక్కున్నాయి. గాలి కొట్టాక మూడు కదిలాయి. నాలుగోది ససేమిరా అంది. బ్రేకు లోపల తుప్పుపట్టి బిగుసుకుందట. డ్రైవరు కిందకి దూరి చెక్కసుత్తితో చుట్టూ కొడుతూ గంట కూర్చున్నాడు. మా వాడు బంపరుకి కొక్కెం తగిలిస్తే బంపరు ఊడి చేతికొచ్చింది! "గట్ల కాదు తమ్మీ, అడుగున ఇరుసుకి కట్టాలె" అని డ్రైవరే కట్టాడు. బావి గిలకలాంటి దానితో ఇనుపతాడు చుట్టుకుంటూ ఉంటే, తొమ్మిది వందల కిలోల కారు మూలుగుతూ పైకెక్కింది.

ఊడిన సామాను మాత్రం నేనే సర్దాను. చాకలిపద్దులా రాసుకున్నాను. బంపరు ఒకటి, వైపర్లు రెండు, గేరు గుండీ ఒకటి. చిన్నవి పాత స్టీలు డబ్బాలో, పెద్దవి గోనెసంచిలో. చక్రాల మూతలు మూడే తేలాయి. నాలుగోదేదని అడిగితే ఆ ఇంటి ముసలమ్మ నవ్వుతూ పెరట్లోకి వెళ్లి, కోళ్లు నీళ్లు తాగే పళ్లెం ఒంపేసి తెచ్చిచ్చింది!

కాగితాల దగ్గర మొహమాటపడకండి. ఆర్సీ, అమ్మిన వాళ్ల సంతకాలతో ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 అక్కడే తీసుకోవాలి. ఆర్సీ గడువు ఎప్పుడో తీరిపోయింది. రిపేరయ్యాక బండిని చూపించి మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అంటే ఆ రోజు అది నడిచినా రోడ్డు మీద నడపకూడదన్నమాట.

బయల్దేరిన పది కిలోమీటర్లకే డ్రైవరు బండి ఆపాడు. కారు కుదుపులకి సర్దుకుని పట్టీలు వదులవుతాయట. మళ్లీ బిగించాడు. పట్టీలు రంగు గీయకుండా నేను తెచ్చిన పాత దుప్పట్లు అక్కరకొచ్చాయి. నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల... బస్సు కిటికీలోంచి ఎన్నిసార్లు చూసిన ఊళ్లో! లారీ ఎత్తునుంచి చూస్తే పెరళ్లలో ఆరేసిన వడియాలు కూడా కనిపిస్తాయి. పంతంగి టోల్‌గేటు దగ్గర పిల్లలు కారుకి చేతులూపారు. మా వాడూ తిరిగి ఊపాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర బాటసింగారం రాగానే మామిడి లారీల వాసన. ఒకప్పుడు ఎండాకాలం వస్తే ఈ వాసన మా కొత్తపేటది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టులో బేరమాడి ఆవకాయకి కాయలు తెచ్చుకునేవాళ్లం. 2021లో మార్కెట్టుని ఇటు తరలించి, 2022లో అక్కడి షెడ్లు కూల్చి పెద్దాసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి కావలసిందే, కాదనను. కానీ ఆవకాయ రోజుల్లో ఆ మలుపు తిరిగితే ముక్కు ఇంకా వెతుక్కుంటుంది.

పగలు పెద్ద బండ్లకి ఇబ్బందని రాత్రి పదిన్నరకి ఎల్బీనగర్ దాటాం. 2018లో మెట్రో వచ్చాక ఆ రోడ్డు నెత్తిన గొడుగేసినట్టుంటుంది. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాటాక మా సందు మొగ దగ్గర కారియర్ ఆగిపోయింది. సందులోకి పట్టదు! అక్కడే దించాం. మిగతా దూరం తోయాలి. టిఫిన్ సెంటరు కుర్రాళ్లు, వాచ్‌మన్, పక్కింటి అన్నయ్యగారు చేతులు వేశారు.

"అమ్మా, నువ్వు స్టీరింగు పట్టుకో. తోసేవాళ్లలో నేనుండాలి" అన్నాడు మా వాడు.

నాకొచ్చింది స్కూటీ ఒక్కటే. ఎలుకల సీటు మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నాను. బ్రేకు లేదు, లైట్లు లేవు. వెనకనుంచి వాడి గొంతు: "ఎడమకి... ఇంకొంచెం... నిదానంగా అమ్మా!" ఆర్నెల్లలో వాడు నాతో అన్ని మాటలు ఒక్కసారిగా అనలేదు. మా గేటు ముందు ఎత్తు. ఎక్కినట్టే ఎక్కి కారు వెనక్కి జారసాగింది. "రాయి పెట్టండి, రాయి!" అని అరుస్తున్నారు గానీ రాయి ఎవరి దగ్గరా లేదు.

గేటులోంచి మావారు లుంగీతో పరుగున వచ్చారు. గ్రైండరు కొన్నప్పట్నుంచీ పెరట్లో పడి ఉన్న మా రుబ్బురోలు పొత్రం ఆయన చేతుల్లో ఉంది. వెనక చక్రం కింద దాన్ని ఎగదోసి, చేతులు దులుపుకుంటూ కిటికీ దగ్గరికొచ్చారు.

"బ్రేకు లేదని ముందే చెప్పొద్దూ!" అన్నారు.