టిక్కుటిక్కుమన్న చప్పుడు

రోళ్ళు పగిలే రోహిణికార్తెలో కృష్ణపట్నం నుంచి నెల్లూరికి కారులో వెళ్ళడమంటే మాటలా! 2008లో రేవు తెరిచిన దగ్గర్నుంచీ లారీల రొద. ఆ బొగ్గుధూళిలో అద్దాలు దించలేం. ఎత్తుకుంటే, నాబు ఎటు తిప్పినా మా ఏ.సి. వేడిగాలే ఊదుతుంది.

"కంప్రెసరు పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నాడొక మెకానిక్కు. చేతిలో ఉన్నదల్లా అమ్మ కంటి శుక్లాల ఆపరేషనుకు దాచిన డబ్బు.

"నా కళ్ళకేం తొందర్రా?" అంది అమ్మ, వెనకసీట్లో కొంగుతో విసురుకుంటూ.

"ఏమండీ, నాబు తిప్పినప్పుడల్లా లోపల టిక్కుటిక్కుమంటోంది" అని మా ఆవిడ నెల్లాళ్ళుగా చెబుతూనే ఉంది. నేను వింటేగా!

ముత్తుకూరులో ఒక ముసలి మేస్త్రీ మొదట అడిగిందే అది: "చప్పుడేమైనా వస్తుందా సామీ?" బానెట్టెత్తి ఏ.సి. లావుగొట్టం ముట్టుకున్నాడు. చల్లగా, చెమ్మగా ఉంది. కంప్రెసరు దివ్యంగా ఉన్నట్టే! డాష్‌బోర్డు వెనక, చల్లగాలినీ ఇంజను వేడితో కాగిన గాలినీ పాళ్ళు చూసి కలిపే చిన్న తలుపుంటుందట. దాన్ని తిప్పే బుల్లి మోటారులో ప్లాస్టిక్కు చక్రం పళ్ళు ఊడి, తలుపు వేడివైపు ఇరుక్కుంది. చల్లదనం లోపల ఉంది; దారే లేదు.

మోటారు మార్చాడు. కంప్రెసరు ఖర్చు తప్పింది; అమ్మకు ఆపరేషనూ అయింది.

ఇప్పుడు మా ఆవిడ "ఏదో చప్పుడండీ" అంటే చాలు, కారాపి దిగుతున్నాను. మొన్నటిది ఆవిడ గాజులదే అయినా సరే!