గది ఇచ్చినవాడికైనా చెప్పొద్దూ?

డిటెక్టివ్ సీరియల్ చూసే ప్రతివాళ్ళూ తామూ ఒక డిటెక్టివే అనుకుంటారు. "హంతకుడు వీడేనని నేను ముందే చెప్పానా లేదా?" అని బల్ల గుద్దని ప్రేక్షకుణ్ణి నేనింతవరకూ చూడలేదు. అయితే 'బ్యోమకేశ్ బక్షి' మొదటి ఎపిసోడ్ సంగతి వేరు. అది చూసినవాళ్ళు హంతకుడి గురించి రెండు నిముషాలు మాట్లాడతారు. ఆ తర్వాత గంటసేపు పోట్లాడుకునేది అజిత్ గురించే!

అజిత్ అంటే బ్యోమకేశ్ స్నేహితుడు, సహచరుడు, అతని కథల్ని రాసిపెట్టే రచయితానూ. దూరదర్శన్‌లో ఈ సీరియల్ మొదలైంది 1993లో. దర్శకుడు బాసూ ఛటర్జీ. 'రజనీగంధా', 'ఛోటీ సీ బాత్' తీసిన ఆ బాసూదాయే. బస్సుల కోసం క్యూలో నిలబడే మనుషుల్ని హీరోల్ని చేసిన పెద్దమనిషి డిటెక్టివ్ కథ తీస్తే ఎలా ఉంటుంది? పిస్తోళ్ళ మోతలుండవు, కార్ల ఛేజింగులుండవు. పంచె కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటూ ఉంటారు. అయినా మనం లేవం! రజిత్ కపూర్ బ్యోమకేశ్, కె.కె. రైనా అజిత్.

మూలకథలు శరదిందు బందోపాధ్యాయవి. 1930ల్లో బెంగాలీలో మొదలుపెట్టాడు. అన్నట్టు ఈయనా సినిమా మనిషే. 1938లో బొంబాయి టాకీస్‌కి స్క్రీన్‌ప్లేలు రాయడానికి వెళ్ళి అక్కడే చాలా ఏళ్ళుండిపోయాడు. ఆ రోజుల్లో బ్యోమకేశ్‌ని పూర్తిగా పక్కన పెట్టేశాడు. సినిమా ఎంతమంది డిటెక్టివుల్ని మింగేసిందో ఎవరు లెక్క పెట్టారు?

1993లో నాది హంతకుడంటే ఏమిటో తెలియని వయసు. నేను చూసింది 2020 లాక్‌డౌన్‌లో. రామాయణ, మహాభారతాలతోబాటు దూరదర్శన్ దీన్నీ మళ్ళీ వేసింది. అప్పుడు నేను విజయవాడలో మా పిన్ని వాళ్ళింట్లో చిక్కుబడిపోయాను. ఇంట్లో పిన్ని, బాబాయి, బి.టెక్. చదివే తమ్ముడు. నలుగురం, ఒక టీవీ. బయటికి పోవడానికి వీల్లేదు. అభిప్రాయాలు పుట్టడానికి ఇంతకంటే అనువైన చోటుంటుందా!

చూడనివాళ్ళ కోసం కథ టూకీగా చెబుతాను. హంతకుడి పేరు ముందే తెలిస్తే మండిపడేవాళ్ళు ఒక పేరా దాటేయండి.

కలకత్తాలో ఒక మెస్సు. నడిపేది అనుకూల్ బాబు అనే హోమియో డాక్టరు. నెమ్మదైన మనిషి. అద్దెకున్నవాళ్ళలో అజిత్ ఒకడు. సాయంత్రమైతే డాక్టరుతో కూర్చుని కబుర్లు చెప్పడం అతని అలవాటు. ఆ పేటలో ఉండుండి హత్యలు జరుగుతుంటాయి. ఇంతలో అతుల్ అనే కుర్రాడు గది కోసం వస్తాడు. ఖాళీ లేదంటాడు డాక్టరు. పాపం ఎక్కడికి పోతాడు, నా గదిలో సర్దుకుంటాడు లెమ్మంటాడు అజిత్. ఆ తర్వాత మెస్సులోనే ఒక హత్య, పోలీసులు, అనుమానం అతుల్ మీదికి... చివరికి తేలేదేమిటంటే అతుల్ అతుల్ కాదు, బ్యోమకేశ్. పోలీసుల ఎరుకతోనే మారుపేరుతో వచ్చాడు. చాటుగా కొకైన్ వ్యాపారం చేస్తూ మనుషుల్ని చంపుతున్నది ఆ నెమ్మదైన డాక్టరే!

ఎపిసోడ్ అయిపోయిందో లేదో మా తమ్ముడు మొదలెట్టాడు. "ఈ అజిత్‌ని తీసేస్తే కథకొచ్చే నష్టమేంటన్నయ్యా? పనంతా బ్యోమకేశే చేస్తున్నాడు. ఈయన 'అలాగా!' అనడానికి తప్ప దేనికీ?"

బాబాయి ఊరుకోలేదు. ఆయన 'కరంచంద్' తరం మనిషి. 1985లో పంకజ్ కపూర్ క్యారెట్ కొరుకుతూ హంతకుల్ని పట్టుకుంటుంటే, సుస్మితా ముఖర్జీ కిట్టీగా పక్కన నిలబడి తెల్లమొహం వేసేది. హిందీ సగం అర్థం కాకపోయినా "షటప్ కిట్టీ" మాత్రం అప్పట్లో మనవాళ్ళందరికీ నోటికొచ్చేసింది. "పక్కన ఒకళ్ళుండాల్రా. లేకపోతే డిటెక్టివు తన బుర్రలో ఉన్నది ఎవరికి చెబుతాడు, గోడకా? మన కొమ్మూరి సాంబశివరావు మాత్రం యుగంధర్ పక్కన రాజుని ఊరికే పెట్టాడా?" అన్నాడు.

బాబాయి మాటలో నిజముంది, సగమే. కిట్టీ ఉన్నది నవ్వించడానికి. కరంచంద్ తెలివి ఇంకాస్త వెలగాలంటే ఆమె అమాయకత్వం కావాలి. అజిత్ అలాంటివాడు కాదు. కె.కె. రైనా ఆ పాత్రని ఎక్కడా వెర్రిబాగులవాడిగా చెయ్యలేదు. కళ్ళతో వింటాడాయన. మీరు మళ్ళీ చూస్తే మాట్లాడేవాడి మీంచి చూపు తీసి వినేవాడి మీద పెట్టండి, నా మాటేమిటో తెలుస్తుంది.

అసలు ప్రశ్న వేసింది పిన్ని. వంటింట్లోంచే అంది. "అది కాదర్రా, గది ఇచ్చినవాడికైనా చెప్పొద్దూ?"

అందరం ఒక్క క్షణం నోరు మూశాం.

నిజమే కదా! ఒకే గదిలో పడుకున్నారు, ఒకే చోట తిన్నారు. ఇతనేమో పేరు దగ్గర్నుంచి అబద్ధమే చెప్పాడు. దీన్ని మోసమనాలా, వృత్తిధర్మమనాలా?

డిటెక్టివులకిది పాత అలవాటే. షెర్లాక్ హోమ్స్, వాట్సన్‌ల స్నేహం మొదలైందీ అద్దెగది దగ్గరే. 1887లో వచ్చిన మొదటి నవలలో వాట్సన్ చవకగా ఇల్లు వెతుక్కుంటూ హోమ్స్‌కి జతపడతాడు. అంత స్నేహితుడికీ తను బతికే ఉన్నానని మూడేళ్ళపాటు చెప్పలేదు మహానుభావుడు! తిరిగొచ్చి ఎదురుగా నిలబడితే కానన్ డాయల్ వాట్సన్ మూర్ఛపోయాడు. 2014లో బి.బి.సి. వాళ్ళ 'షెర్లాక్'లో అదే ఘట్టమొస్తే వాట్సన్ మీదపడి కొట్టాడు. 2015లో దిబాకర్ బెనర్జీ తీసిన బ్యోమకేశ్ సినిమాలోనూ అజిత్ చెయ్యి చేసుకుంటాడు. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చెంప పగిలింది. అక్కడ కారణం వేరే అనుకోండి. ఈ కాలం సహచరుడు చెప్పింది వింటూ కూర్చోడన్నమాట. మన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో (2019) శ్రుతి శర్మ చేసిన స్నేహ కూడా వట్టి శ్రోత కాదు.

మరి 1993 అజిత్? మూర్ఛా పోడు, కొట్టనూ కొట్టడు. ఆశ్చర్యపోతాడు, అంతే. తమ్ముడికి ఇది చేతకానితనంలా కనిపించింది. నాకలా అనిపించలేదు. దానికో కారణముంది.

డిగ్రీ అయ్యాక హైదరాబాదులో నేనూ గది పంచుకున్నవాణ్ణే. నాతో ఉన్న కుర్రాడు రోజూ ఎనిమిదింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసుకి పోయేవాడు. రాత్రి అలిసిపోయి వచ్చేవాడు. అతని ఉద్యోగం పోయి రెండు నెలలైందని నాకు వేరేవాళ్ళ ద్వారా తెలిసింది. పగలంతా లైబ్రరీల్లో, పార్కుల్లో గడిపి, డబ్బా అక్కడే తినేసి వస్తున్నాడట. ఒళ్ళు మండిపోయింది నాకు. నిలదీశాను. అతను చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "చెప్తే నువ్వు అద్దె అడగడం మానేస్తావు బాస్. అప్పుడు నేనిక్కడ ఉండలేను" అన్నాడు. అద్దె మాత్రం ఒక్క నెల కూడా ఆపలేదతను. ఎక్కడ తెచ్చేవాడో నేనడగలేదు, అతను చెప్పలేదు. ఇంకో ఏడాది ఆ గదిలోనే ఉన్నాం.

కాబట్టి పిన్ని ప్రశ్నకి నా దగ్గరో జవాబుంది. అజిత్‌కి డాక్టరంటే గురి. రోజూ సాయంత్రం ఆయన ఎదురుగానే కూర్చుంటాడు. "నీ ముందున్నవాడు హంతకుడు కావచ్చు" అని ముందే తెలిస్తే ఆ సాయంత్రం అతని మొహం ఎలా ఉండేది? డాక్టరు ఇట్టే పసిగట్టేవాడు. అప్పుడు మెడ మీద కత్తి బ్యోమకేశ్‌కే కాదు, అజిత్‌కీనూ. చెప్పకపోవడం వల్లే ఇద్దరూ బతికారు.

తమ్ముడికీ జవాబుంది. అజిత్‌ని తీసేస్తే కథకొచ్చే నష్టమేంటన్నాడు కదా? అసలు కథే ఉండదు! ఖాళీ లేదని డాక్టరు అన్నప్పుడు అజిత్ నోరు మూసుకుని ఊరుకుంటే బ్యోమకేశ్ వీధిలోంచే తిరిగిపోయేవాడు. అంత తెలివిగలవాడికీ లోపలికి దారి దొరికింది ఊరూ పేరూ అడక్కుండా మంచం పక్కన చోటిచ్చినవాడి వల్లే. గూఢచర్యం నేర్పే బడులున్నాయేమో గాని, దానికి బడి లేదు. బ్యోమకేశ్‌కి ఆ సంగతి తెలుసు. అందుకే కేసు ముగియగానే అజిత్‌ని హారిసన్ రోడ్డులోని తన ఇంటికి తీసుకుపోయాడు. అక్కడ తలుపు మీద అసలు పేరు, దానికింద 'సత్యాన్వేషి' అనీ ఉంటుంది. డిటెక్టివ్ అన్న మాట అతనికి గిట్టదు. తన ఇల్లూ, తన పేరూ బ్యోమకేశ్ మొట్టమొదట చూపించింది అజిత్‌కే.

ఇదంతా నేను ఆవేశంగా చెప్పాను. బాబాయి తలూపాడు. తమ్ముడు ఫోను చూసుకుంటున్నాడు, ఈ కాలం శ్రోత!

తర్వాతి ఎపిసోడ్లలో బ్యోమకేశ్‌కి సత్యవతితో పెళ్ళయింది. సుకన్యా కులకర్ణి చేసిందా పాత్ర. అజిత్ మాత్రం బ్రహ్మచారిగానే, ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. ఆ రోజు పిన్ని బీరకాయలు చెక్కు తీస్తూ టీవీ వైపు చూసి అంది.

"ఒక్క గది ఇచ్చినందుకు బాగానే గిట్టింది వీడికి. ఇంతకీ ఆ ముగ్గురికీ వండేది ఎవరో అది చెప్పండి ముందు!"