తీగ లావు

1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి వీచిన తుపాను కోనసీమను పాడుచేసిన సంగతి మన చదువరులెరిగినదే. కొబ్బరితోటలు కూలినవి, టెలిఫోను మూగవోయినది. రాజోలులోని మా అక్కగారి క్షేమము అమలాపురములోని మాకు మూడు దినములకు గాని తెలియలేదు. ఆ దిగులు మరువలేక, కొన్నియేండ్లకు మేము పరీక్ష నిచ్చి, ప్రభుత్వమువారి లైసెన్సు బడసి, మా జీపులో రేడియోయంత్రము పెట్టించుకొంటిమి.

యంత్రమునుండి పైకప్పుమీది యాంటెన్నాకు పోవు కోయాక్సియల్ కేబులును కొనుటలోనే మా వివేకము బయటపడినది. నడుమ రాగితీగ, దానిచుట్టు ప్లాస్టికు, దానిపై అల్లిన రాగివల, పైన నల్లని తొడుగు: ఇదియే దాని స్వరూపము. అంగడిలో రెండు రకములుండెను. ఆర్జీ-58 అయిదు మిల్లీమీటర్ల లావు. ఆర్జీ-213 పది మిల్లీమీటర్లు దాటును. గొలుసు బరువును బట్టి కోడలి గుణమునెంచువారిని పరిహసించు మేమే, లావు చూచి రెండవదానిని కొంటిమి!

అది తలుపుసందున ఇమడదయ్యెను. తలుపు వేసినప్పుడెల్ల నలిగి, తొడుగు చిట్లి, వాననీరు లోనికి ప్రాకి, రాగివల పచ్చబడెను. ఒక గాలివాన దినమున కొత్తపేటలోని మిత్రుని పిలువగా గురగుర తప్ప మరేమియు వినరాలేదు. మేము సిగ్గుపడితిమి.

అప్పుడు మా కుమార్తె కాగితముమీద లెక్కవేసి యిట్లనెను: "నాన్నగారూ, 145 మెగాహెర్ట్జులవద్ద నూరు మీటర్లకు సన్నతీగ ఇంచుమించు 20 డెసిబెల్లులు మ్రింగును, లావుతీగ 9. ఎత్తైన స్తంభమునకైనచో ఈ భేదము గొప్పదే. మన జీపులోనిది నాలుగు మీటర్లే గదా! ఇక్కడ భేదము అర డెసిబెల్లునకు లోపు. అవతలివారి చెవికది తెలియనే తెలియదు."

"అట్లయిన టీవీతీగ చౌక గదా?" యంటిమి.

"అది 75 ఓములది, మన యంత్రము 50 కోరును. అంతకంటె పెద్ద దోషము, దాని నడుమనున్నది ఒంటితీగ. బండి కుదుపులకు విరుగును."

కావున పలుపోగుల నడిమితీగయు, తగరపు పూతగల వలయు నున్న ఆర్జీ-58నే తెచ్చితిమి. ఉప్పుగాలి సోకకుండ పైయతుకునకు రబ్బరుపట్టీ చుట్టితిమి. నీటిచుక్క లోనికి రాక క్రిందికి జారునట్లు తీగను, తలుపున దూరుటకు ముందు, కొంచెము వ్రేలాడనిచ్చితిమి.

ఇప్పుడు ప్రతి ఆదివారమును మిత్రునితో మాటాడి చూచుకొనుచున్నాము. ఆపదకొరకు దాచిన పరికరమును ఆపదనాడే పరీక్షించుట తగదు. మా యింట నీ పాఠము నేర్పినది చిన్నది, నేర్చుకొన్నవారము మేము.