మామా చెరువు గట్టు మీద

చంద్రపూర్ అనగానే బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, తాడోబా పులులు, గోండు రాజుల కోటగోడ గుర్తొస్తాయి. సముద్రం మాత్రం ఏ దిక్కుకు వెళ్లినా వందల కిలోమీటర్ల దూరం. అయినా ఈ జిల్లాలోనూ చేపల రేవులున్నాయి. తూర్పున మూల్, సిందేవాహీ, నాగ్‌భీడ్ వైపు వెళ్తే అడవి పలచబడి వరి మొదలవుతుంది. వరి ఉన్న చోటల్లా ఓ చెరువు ఉంటుంది.

శిస్తు వసూలు చేసే మాల్గుజార్ల చేతిలో ఉండేవి ఈ చెరువులు. 1951లో వాళ్ల హక్కులు రద్దయి, చెరువులు ప్రభుత్వానికి దఖలుపడ్డాయి. కాగితాల్లో ‘మాజీ మాల్గుజారీ తలావ్’, జనం నోట ‘మామా తలావ్’. తెలుగువాడికి మేనమామ గుర్తొస్తే తప్పు వాడిది కాదు.

మూల్ దాటాక ఒక చెరువు గట్టెక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దుటి చేప పొద్దున్నే అమ్ముడైపోయింది. ఇప్పుడు జరిగేది రెండో పని. వేపచెట్టు కింద చేపలు పట్టే ఢీవర్ కులపు పెద్దాయన ఒకరు వల చివరను కాలి బొటనవేలికి తగిలించి బిగించి, చిరిగిన కన్నును అల్లుతున్నారు. వెదురు సూది లోపలికెళ్లి, చుట్టుకుని, ముడై బయటికొస్తోంది. ఆరబెట్టిన వల పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లాను. దాన్ని తొక్కడమంటే ఆయన కంచం తొక్కడమే.

“ఫొటో తీసుకోవచ్చా కాకా?”

“ముందు కూర్చో.”

కూర్చున్నాను. ఫొటో సంగతి ఇద్దరం మర్చిపోయాం.

బొచ్చె, రోహు ఇలాంటి నిలవనీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూషగ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించాకే, పిల్లల్ని ఏటి నుంచి కాక హేచరీ నుంచి తెచ్చుకునే దారి పడింది. అలా ఏటా వానలకు చేపపిల్లల్ని కొని వదలాలి. చేపలు పట్టే హక్కును జాలర్ల సంఘం కౌలుకు తీసుకుంటుంది. నీటిమీద మొదటి హక్కు మాత్రం వరిది. వానలు ముఖం చాటేసిన ఏడు రైతు తూము తెరుస్తాడు, చేపలవాడు చూస్తూ నిలబడతాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, సాయంత్రం ఒకే టీకొట్టు. పెద్దాయన ఆ సంగతి ఎత్తలేదు కానీ, మాట్లాడుతున్నంతసేపూ తూము రాయి మీద తడి గుర్తు వైపే చూశాడు.

అలుగు పారితే ఈ నీళ్లు వైన్‌గంగలో పడి, ప్రాణహితై, కాళేశ్వరం దగ్గర గోదారిలో కలుస్తాయి. అక్కడ మనం కొర్రమట్ట అనేదాన్ని ఇక్కడ మరళ్ అంటారు. లేస్తూ, ఒకటి దొరుకుతుందా అని అడిగాను.

“పొద్దున ఆరింటికి రా. ఇది అమ్మే వేళ కాదు.”

బొటనవేలు మళ్లీ బిగిసింది.