ఒక్క ‘కట్’

బెంగళూరు వచ్చాక నా తెలుగులో ‘కట్’ ఎక్కువైంది. కరెంటు కట్, ఫోను కట్, జీతంలో కట్. మన భాషలో పూలు కోస్తాం, కూర తరుగుతాం, గుడ్డ కత్తిరిస్తాం, గోళ్లు తీసుకుంటాం, చెట్టు నరుకుతాం. ఏం కోస్తున్నామో, ఎంత బలంగా కోస్తున్నామో మాటలోనే ఉంటుంది.

చెట్ల సంగతే చూడండి. 2016లో ఇదే బెంగళూరులో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా ఉక్కు వంతెన కోసం 800కు పైగా చెట్లు తీసేస్తామన్నారు. అక్టోబరు 16న జనం చేయీ చేయీ పట్టుకుని ఆ దారి పొడవునా నిలబడ్డారు. 2017 మార్చిలో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకుంది.

‘ట్రీ కటింగ్’ అంటే ఏదో ఫైలు పనిలా వినిపిస్తుంది. ‘చెట్లు నరకడం’ అంటే గొడ్డలి దెబ్బ చెవిన పడుతుంది. పిల్లల ముందు ఆ మాటే వాడండి.