పాటల బరువు

చెప్పొద్దూ, పాటలకు కూడా యిల్లు ఇరుకవుతుందని నేననుకోలేదు! సీడీల నుంచీ, పాత క్యాసెట్ల నుంచీ కంప్యూటరులోకి ఎక్కించిన పాటలు నిమిషానికి 10 మెగాబైట్ల వంతున డిస్కంతా ఆక్రమించాయి. 128 కిలోబిట్ల ఎంపీత్రీగా మారిస్తే నిమిషానికి 1 మెగాబైటు చాలు. పెద్ద ధ్వని చాటున చెవికి ఆనని చిన్న ధ్వనుల్ని వదిలేయడమే అందులో కిటుకు. నేను ఆశకొద్దీ 64కే దించేశాను.

అమ్మ పాడిన మంగళహారతి వంతు వచ్చింది. మార్చి విన్నాను. అమ్మ గొంతు వున్నది. వెనక నాన్నగారు మెల్లగా వేసిన తాళం మసకబారింది! గుండె గుభేలుమంది. అదృష్టం, అసలు ప్రతి యింకా చెరపలేదు. దాన్ని, ఏ ధ్వనినీ వదలని ‘ఫ్లాక్’లోకి మార్చాను. చోటు సుమారు సగమే కలిసివచ్చింది. పోనీండి, నాన్నగారు మిగిలారు.